ఏడుకొండలుగారి షెడ్డులో ఎలుకల బోను

నేను ఒక ఎలుకల బోనుని. ఈ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు నాకేమీ సిగ్గుండేది కాదు, పైగా కాస్త పొగరు కూడా ఉండేది. ఇప్పుడు తలెత్తుకుని చెప్పలేకపోతున్నాను. నీకు తలెక్కడిదని మీరు నవ్వొచ్చు. తల లేదు గానీ తలుపుంది. అది దించే ఉంది.

మండపేటలో బ్రహ్మలింగం అనే వడ్రంగి, ఎవరికో పుట్టబోయే బిడ్డ కోసం పనసచెక్కతో ఉయ్యాల చేస్తూ, మిగిలిన ముక్కలతో నన్ను కొట్టాడు. జానెడున్నర పొడుగు, ఒకవైపు ఇనుప జాలీ, మరోవైపు పైకెత్తి నిలబెట్టే తలుపు, లోపల ఎర గుచ్చడానికి ఒక కొక్కెం. ఎలుక ఎరని లాగిందంటే తలుపు టప్పున పడుతుంది. నాకొచ్చిన విద్య అదొక్కటే. ఉయ్యాల ఊగడానికి వెళ్ళింది, నేను మూసుకోవడానికి వెళ్ళాను.

మొదట నన్ను కొన్నది ఒక బియ్యం కొట్టాయన. ఎలుకని చంపితే పాపమని ఆయనకి భయం. అందుకని నాలో పడ్డవాటిని జాగ్రత్తగా తీసుకెళ్ళి, రోడ్డవతల ఉన్న పోటీ కొట్టు వెనకాల వదిలేసి, చేతులు కడుక్కుని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. ఆ పోటీ కొట్టాయన కూడా తన బోనుతో సరిగ్గా ఇదే పని చేస్తున్నాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వెళ్ళిన ఎలుకలే మళ్ళీ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చేవి. కొన్నాళ్ళకి వాటి ముఖాలు కూడా గుర్తుపట్టేవాణ్ణి. మనుషులు పాపాన్ని వదిలించుకునే పద్ధతి మొదటిసారి అక్కడే చూశాను. ఆ తర్వాత ఒక బడి వంటగదిలో కొన్నేళ్ళున్నాను. అక్కణ్ణుంచి పాత సామాన్ల సైకిలెక్కి అంబాజీపేట సంతలో ఏడుకొండలుగారి చేతిలో పడ్డాను.

ఏడుకొండలుగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో ఒక తెల్లకారు కొనుక్కుని కాలవగట్టు మీద రేకుల షెడ్డు వేసుకున్నారు. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ, అన్నవరం మొక్కులకీ బాడుగకి వెళ్ళేవారు. బాడుగ లేనిరోజుల్లో కారు షెడ్డులోనే ఉండేది. ఒక్కోసారి వారం దాకా కదిలేది కాదు.

ఆ షెడ్డుని ఆనుకుని ఒక చిన్న వసారా ఉంది. అందులో వరాలమ్మ ఉండేది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడం ఆమె పని. మొగుడు పడవ నడిపేవాడట, పోయి పదకొండేళ్ళయింది. షెడ్డు ఊడ్చి, కారుకి కాపలా ఉంటే చాలని ఏడుకొండలుగారే ఆమెని అక్కడ ఉండనిచ్చారు. ఆమె రాట్నం చప్పుడు వింటూ నేను కారు కింద కూర్చునేవాణ్ణి.

ఇక ఏడుకొండలుగారి భక్తి సంగతి చెప్పాలి. బస్సు నడిపే రోజుల నుంచీ ఆయనకో అలవాటు. ఏటా దసరాకి బండికి పూజ చేశాక, కొట్టిన కొబ్బరిచిప్పలు రెండూ కలిపి, వాటితో పాటు అటుకులూ బెల్లమూ పసుపూ కుంకుమా ఎర్రగుడ్డలో ముడుపు కట్టి బండిలోనే ఉంచేవారు. బస్సులో అయితే దేవుడి పటం కింద ఉండేది. కారు కొన్నాక ఇంజన్ పక్కనే, బానెట్ లోపల కట్టారు. "ఇంజనుకీ ప్రాణముంటుంది, దానికీ ప్రసాదం ముట్టాలి" అనేవారు. ప్రతి శుక్రవారం బానెట్ ఎత్తి, ముడుపు మీద చిటికెడు కుంకుమ వేసి, చిన్న బెల్లం ముక్క లోపలికి దోపేవారు. బస్సు రోజూ తిరిగేది కాబట్టి దాని జోలికి ఏ ఎలుకా పోలేదు. కారు మాత్రం పడుకుని ఉండేది.

ఎలుకలు వచ్చాయి. రాకేం చేస్తాయి? ముందు సీటు కొరికాయి. తర్వాత వైర్ల మీద పడ్డాయి. ఏడుకొండలుగారు చేతనైనదంతా చేశారు. కలరా ఉండలు గుడ్డల్లో మూటగట్టి ఇంజను చుట్టూ వేలాడదీశారు. టైర్ల దగ్గర పొగాకు కాడలు పేర్చారు. గోడ కన్నాల్లో గిన్నెలు తోముకునే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు మెత్తారు. షెడ్డు తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కొట్టించారు. చివరికి నన్ను తెచ్చి, ఎండు రొయ్య గుచ్చి కారు కింద పెట్టారు. ఇవేవీ తప్పు పనులు కావు. కానీ పైన బానెట్లో బెల్లమూ కొబ్బరీ ఉండగా కింద నా దగ్గరున్న ఎండు రొయ్య ఎవరిక్కావాలి? ఎలుకలు నా ముందు నుంచే చక్రం ఎక్కి పైకి పోతుండేవి. ఒకటి నన్ను వాసన చూసి, జాలిపడినట్టు ముఖం పెట్టి వెళ్ళిపోయింది. మూడు వారాలు ఖాళీగా నోరు తెరుచుకుని కూర్చున్నాను. నా సిగ్గు అక్కడ మొదలైంది. అసలు సిగ్గు ముందుందని అప్పుడు నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఏడుకొండలుగారు నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, కారు సగం దారిలో ఆగిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. ఆ అమ్మాయిని ఎత్తుకుని ఆటోలో ఎక్కించారు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు గానీ, ఏడుకొండలుగారు మాత్రం కారుని తాడుతో లాగించుకుని, తల వంచుకుని షెడ్డుకి వచ్చారు.

మెకానిక్ మస్తాన్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. "వైర్లు కొరికేశాయి బాబాయ్‌గారూ. గూడు ఇక్కడే ఎక్కడో ఉంటది. ఇదిగో, పీచు కూడా ఉంది" అని ఇంజను మూలల్లోంచి నాలుగు పోగులు తీసి చూపించాడు. తర్వాత ఎర్రమూట వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "అది దేవుడి మూట కదండీ. నేను తాకకూడదు."

"తాకద్దు, దాని జోలికెళ్ళకు" అన్నారు ఏడుకొండలుగారు. ఆయన కళ్ళు అప్పటికే ఆ పీచు మీద ఉన్నాయి. పీచు అనగానే ఆయనకి వసారా గుర్తొచ్చింది. ముడుపులో ఉన్న కొబ్బరిచిప్పకీ పీచుంటుందన్న సంగతి గుర్తు రాలేదు.

ఎదురుగా ఉన్న టీకొట్టు అప్పలస్వామి సలహా ఇచ్చాడు. "ఎలక ఎక్కణ్ణుంచొస్తందో తెలాలంటే బోను అక్కడే పెట్టాలండి. ఆవిడ గుమ్మంలో పెట్టి చూడండి." మనుషుల తెలివి చూస్తే ఒక్కోసారి నాకు ముచ్చటేస్తుంది. బోను ఎక్కడ పెడితే ఎలుక అక్కడికి వస్తుందే గానీ, అక్కణ్ణుంచి రాదు. ఆ మాత్రం నాకూ తెలుసు. చెప్పడానికి నోరుంది గానీ మాట లేదు.

ఆ సాయంత్రం నన్ను వరాలమ్మ గుమ్మం పక్కన పెట్టారు. ఎరగా, అప్పుడే నూనెలోంచి తీసిన గారె ముక్క గుచ్చారు. దీపాలు పెట్టే వేళకి ఆ వాసన షెడ్డంతా అలుముకుంది. రోజూ తీపి తిని మొహం మొత్తిందో ఏమో, కారు బానెట్లోంచి ఒక ఎలుక కిందికి జారింది. చక్రం మీంచి నేల మీదకి దిగి, గోడ వారగా నడిచి, నా లోపలికి వచ్చింది. నా కళ్ళారా చూశాను. గారె లాగింది. మూడు వారాల తర్వాత నా తలుపు పడింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నేను పొంగిపోయాను.

అది లోపల గిరగిరా తిరుగుతుంటే నా చెక్క మీద ఎర్రగా మరకలు పడ్డాయి. రక్తమనుకున్నాను. కాదు, కుంకుమ. దాని మూతికీ ముందు కాళ్ళకీ కుంకుమ అంటుకుని ఉంది.

పొద్దున్నే ఏడుకొండలుగారు నన్ను ఎత్తి పట్టుకుని, టీకొట్టు ముందున్న అందరికీ చూపించారు. వరాలమ్మ చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"చూశారా? ఈవిడ గుమ్మంలో పడింది. ఈ పీచు గుట్టలోనే సంసారం పెట్టి, నా కారు మీద పడుతున్నాయి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఒక్కణ్ణీ దారిలో దించలేదు. నీవల్ల నిండు మనిషిని రోడ్డు మీద దించాల్సొచ్చింది వరాలమ్మా!"

వరాలమ్మ దగ్గరికొచ్చి జాలీలోంచి లోపలికి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్న మగవాళ్ళని ఒకసారి చూసి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వెనక్కి వెళ్ళి గుమ్మం ఊడవడం మొదలుపెట్టింది.

"మాటాడదేంటి? తప్పు తెలిసినట్టుంది" అన్నాడు అప్పలస్వామి. నన్ను తీసుకెళ్ళి ఎలుకతో సహా కాలవలో ముంచింది అతనే. నీళ్ళు నా అడుగు చెక్క కడిగాయి గానీ, పై చెక్కలో ఇంకిన కుంకుమని వదిలించలేకపోయాయి. మరక అక్కడే ఉండిపోయింది.

రెండో రోజుకి వరాలమ్మ రాట్నం విప్పుకుని, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. కాలవ అవతల చెల్లెలి కూతురింటి పశువుల పాకలో చోటిచ్చారని విన్నాను. వసారా ఖాళీ అయింది. నన్ను మళ్ళీ కారు కింద పెట్టారు. గారెలు పెట్టినా ఇక తలుపు పడకూడదని మొక్కుకున్నాను. బోనుకి అంతకన్నా పాపిష్టి మొక్కు ఉండదేమో.

నెల తిరక్కుండా కారు మళ్ళీ మొరాయించింది. ఈసారి బ్యాటరీ మార్చాలన్నాడు మస్తాన్. "ముడుపు బ్యాటరీకి అడ్డం వస్తంది. మీ చేత్తో మీరే విప్పండి బాబాయ్‌గారూ."

ఏడుకొండలుగారు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని మూట విప్పారు. చేతిలోకి తీసుకోగానే ఆయన ముఖం మారిపోయింది. మూట తేలిగ్గా ఉంది. అడుగున గుడ్డకి పిడికిలి పట్టేంత కన్నం. అటుకుల్లేవు, బెల్లం లేదు. కొబ్బరిచిప్పలో కొరికిన పీచూ, ఎర్రగుడ్డ పోగులూ పరిచి మెత్తగా గూడు కట్టి ఉంది. అందులో కళ్ళు తెరవని నాలుగు ఎర్రటి పిల్లలు. గుడ్డ మడతల్లో మిగిలిన కుంకుమ ఆయన వేళ్ళకి అంటుకుంది.

మస్తాన్ ఆ చిప్పని మెల్లిగా అందుకున్నాడు. "గట్టు అవతల వదిలేసొస్తానండి" అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగి, "పాపం, ఆవిడ్ని అనవసరంగా పంపించేశారండి" అని వెళ్ళిపోయాడు.

ఏడుకొండలుగారు నా పక్కనే నేల మీద కూర్చుని, చిరిగిన ఎర్రగుడ్డని మడతపెట్టుకున్నారు. ఎనిమిది రోజులు టీకొట్టు వైపు తొంగి చూడలేదు. తొమ్మిదో రోజు పొద్దున నన్ను చంకలో పెట్టుకుని కాలవ దాటారు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక నన్ను సాకుగా తీసుకెళ్తున్నారని నాకర్థమైంది.

వరాలమ్మ పాక ముందు తాడు పేనుతోంది. ఆయన్ని చూసి లేచి పీట వేసింది.

"పాకలో ఎలకలుంటాయేమోనని బోను తెచ్చాను వరాలమ్మా."

"ఎందుకండీ శ్రమ. మీ కారులో ఎలకలు పోయాయా అన్నయ్యగారూ?"

ఆయన తల దించుకున్నారు. "నా ముడుపులోనే ఉన్నాయమ్మా" అన్నారు.

"నాకు ఆ రోజే తెలుసండి."

ఆయన తలెత్తారు. వరాలమ్మ నన్ను అందుకుని, తలుపు పైకెత్తి, లోపలి చెక్క మీద ఎర్రమరకని వేలితో చూపించింది. "దాని మూతి నిండా కుంకుమే. మా ఇంట్లో కుంకుమ భరిణె మూత తీసి పదకొండేళ్ళయింది. నా ఇంటి ఎలక్కి కుంకుమెక్కడిదండీ?"

"మరి అప్పుడే అనకపోయావా?"

"అంతమంది మగాళ్ళ మధ్యన నిలబడి, నా ఇంట్లో కుంకుమ లేదని నా నోటితో నేను చెప్పుకోవాలా అన్నయ్యగారూ?"

ఏడుకొండలుగారు ముఖం చేతుల్లో దాచుకున్నారు. నాకు దాచుకోవడానికి చేతుల్లేవు. ఆమె నిజాయితీకి సాక్ష్యం నెలరోజులు నా కడుపులోనే ఉంది. నేను దాన్ని మోస్తూనే, ఆమె మీద తప్పుడు సాక్ష్యంగా నలుగురి ముందూ నిలబడ్డాను.

"మళ్ళీ వచ్చెయ్యమ్మా" అన్నారాయన.

"నలుగురిలో అన్నారు. ఎక్కడన్నారో అక్కడే చెప్పండి. ఆ తర్వాత చూద్దాం. ఈ బోనునీ తీసుకెళ్ళండి, ఆ రోజు అదీ ఉందిగా."

మర్నాడు పొద్దున్నే ఏడుకొండలుగారు నన్ను టీకొట్టు బల్ల మీద పెట్టి, చిరిగిన ఎర్రగుడ్డ పక్కన పరిచి, అంతా చెప్పారు. కుంకుమ మాట మాత్రం ఎత్తలేదు. "తప్పు నాది, నా భక్తిది. వరాలమ్మది కాదు" అన్నారు.

"ఓస్, ఆ సంగతా! ఎప్పుడో మర్చిపోయామండీ" అని నవ్వాడు అప్పలస్వామి. ఏడుకొండలుగారు నవ్వలేదు. "మనం మర్చిపోయాం స్వామీ. ఆవిడ పశువుల పాకలో పడుకుంటంది" అన్నారు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు. కాలవ వంతెన మీద వరాలమ్మ తాళ్ళకట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి వింది. విని, నడిచిపోయింది.

పది రోజుల తర్వాత తిరిగొచ్చింది. కారులో ఇప్పుడు ముడుపు లేదు. శుక్రవారం పూజయ్యాక ప్రసాదం అక్కడున్నవాళ్ళకి పంచేస్తారు. బండి కదలకపోయినా రెండ్రోజులకోసారి ఇంజన్ తిప్పుతారు. ఎలుకలు ఎటో పోయాయి.

నన్ను వరాలమ్మ అడిగి తీసుకుంది. అటూ ఇటూ మోసేసరికి ఆమె రేకు పెట్టె మూత ఊడిపోయిందట. ఆ పెట్టెలో ఉండే కుంకుమ భరిణెని మళ్ళీ ఎలుకలొచ్చినా కొట్టకుండా నాలో పెట్టి, తలుపు దించి, గూట్లో ఉంచింది. మొగుడు కొనిచ్చిన చిన్న చెక్క భరిణె. దాని పక్కనే, పై చెక్క మీద, ఆ మరక ఇంకా ఉంది.

ఏడుకొండలుగారు వసారా ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా గూటి వైపు చూసి కళ్ళు దించుకుంటారు. నాకు ఆ వీలు కూడా లేదు.