పద్నాలుగో సెక్షన్ మీది చీటీ

ఓడను ఆపే అధికారమిచ్చే పద్నాలుగో సెక్షన్ చట్టం పుస్తకంలో కనిపించలేదు.

రేవు డాక్టరు పేజీని వేలితో తడిమి చూసింది. సెక్షన్ ఉండాల్సిన చోట అరచెయ్యంత తెల్ల కాగితం అంటించి ఉంది. దాని మీద ఒకటే మాట: ‘ఈ సెక్షన్ తొలగించబడినది. సవరణ చీటీ నంబరు 212.’ కింద ఇరవై ఆరేళ్ల కిందటి తేదీ.

కిటికీ అవతల పొగమంచు. సముద్రం లేదు, గట్టు లేదు, క్రేన్లు లేవు. దూదిలో చుట్టిపెట్టినట్టు ఎక్కడో ఒక ఓడ కూత. అందులో మూడొందల పన్నెండు మంది. తొమ్మిది మందికి జ్వరం. ఇద్దరు పోయారు. అది ఏం జ్వరమో ఎవరికీ తెలీదు. నమూనాల ఫలితం రావడానికి మూడు రోజులు పడుతుంది. మంచు మధ్యాహ్నానికి విడిపోతుంది. విడిపోగానే ఓడ గట్టుకు చేరుతుంది. దిగినవాళ్లు సాయంత్రానికల్లా రైళ్లెక్కి దేశమంతా ఉంటారు.

టేబుల్ మీది వైర్‌లెస్ గరగరలాడింది.

“డాక్టరుగారూ, ఏం తేల్చారు?” కెప్టెన్ గొంతు మంచులోంచే మాట్లాడుతున్నట్టుంది.

“చూస్తున్నానండీ.”

“చూడండి, చూడండి. మొదటి దేశంలోనూ పాపం బాగానే చూశారు. వాళ్ల చట్టంలో జబ్బుకి పేరుంటేనే ఆపాలట. పేరులేని జబ్బుని తెచ్చావేంటని నన్నే నాలుగు తిట్టి పంపేశారు. రెండో దేశంలో ఆపొచ్చట. కానీ మంత్రిగారి సంతకం కావాలట. ఆయనేమో కూతురి పెళ్లి పనుల్లో ఉన్నారట.”

“మందులేమైనా ఇచ్చారా?”

“శుభాకాంక్షలిచ్చారు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

“అమ్మా, ఆగాలని నాకూ ఉంది,” ఆ గొంతు కాస్త తగ్గింది. “కాగితం మీద హుకుం లేకుండా ఆగితే ఓనరు నా యూనిఫాం విప్పిస్తాడు. అంతకుముందే జనం నన్ను నీళ్లలో పడేస్తారు. ఒక్క లైను రాసి, కింద సెక్షన్ నంబరు వెయ్యండి. చాలు.”

ఆ నంబరే లేదు. లేని అధికారంతో మూడొందల మందిని ఆపితే అది నిర్బంధం. ఆమె ఉద్యోగంతో పోయేది కాదు, జైలు. ఆపకపోతే ఏమవుతుందో లెక్కగట్టే ధైర్యం ఆమెకు లేదు.

రాజధానిలోని చట్టాల శాఖకు ఫోన్ చేసింది. అవతలి ఉద్యోగిని చాలాసేపు కాగితాలు తిరగేసింది. ఆ చప్పుడు వింటుంటే పక్షులు రెక్కలు విదిలిస్తున్నట్టు అనిపించింది.

“మేడమ్, ఆ ఏడాది మొత్తం మీద మేం పంపిన చీటీలు నూట నలభై. రెండొందల పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“మరి పద్నాలుగో సెక్షన్?”

“దాన్నెవరూ తీసెయ్యలేదు. మా పుస్తకంలో నిక్షేపంలా ఉంది. రాతపూర్వకంగా కావాలంటే మాత్రం సోమవారం...”

డాక్టరు ఫోన్ పెట్టేసింది. ఈ దేశంలో చట్టం మారినప్పుడు కొత్త పుస్తకం వెయ్యరు. మార్పులు చీటీల మీద అచ్చై వస్తాయి. పాత లైను మీద కొత్త చీటీ అంటిస్తారు. ఏడు రేవుల పుస్తకాలకూ నలభై ఏళ్లుగా అంటించిన చెయ్యి ఒక్కటే. రేకు పెట్టెలో మైదా జిగురు డబ్బా పెట్టుకుని రేవు రేవుకీ తిరిగిన ఆ మనిషిని అందరూ ‘చీటీల తాత’ అంటారు. ఆమెకు మాత్రం మావయ్య. మూడేళ్ల వయసులో తల్లి పోతే ఎత్తుకుని పెంచినవాడు. రిటైరైనా రోజూ వచ్చి పక్కగదిలో పుస్తకాల మధ్య కూర్చుంటాడు.

ఆమె కెటిల్ స్విచ్ వేసి, పుస్తకాన్ని ఆవిరికి పట్టింది. గదిలో ఆవిరి, బయట మంచు. నడుమ కిటికీ అద్దం ఉందో కరిగిపోయిందో తెలియలేదు. కలలో ఒకరి తలుపు తీస్తున్నట్టుంది ఆమెకు. చీటీ మూల లేచింది. మీగడలా మెల్లగా ఊడి వచ్చింది.

“టీ పెడుతున్నావేంటే అమ్మడూ?” మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చేతిలోని చీటీని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

“ఇలా వచ్చి కూర్చో మావయ్యా. చదువుతాను, విను.” ఆమె గొంతు పెంచింది. “‘పేరు తెలియని జ్వరం కనబడినను, రేవు డాక్టరు తన సంతకముతోనే ఓడను గాని, వీధిని గాని, ఇంటిని గాని పది దినములు ఆపవచ్చును. పొరుగు దేశములకు ఆ దినమే కబురు పంపవలెను.’”

“తెలుసులే.”

“‘ఆపబడినవారిని దినమునకు రెండుసార్లు డాక్టరు చూడవలెను. తలుపులకు తాళము వేయరాదు. వేరు వ్యాధి గలవారిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.’”

మావయ్య కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. “ఆ చివరిది... మళ్లీ చదువు.”

ఆమె మళ్లీ చదివింది. తర్వాత కలం తీసింది. పద్నాలుగో సెక్షన్ కింద ఓడను పది రోజులు ఆపుతున్నట్టు రాసి, సంతకం చేసి, వైర్‌లెస్‌లో చదివి వినిపించింది. రెండు పొరుగు దేశాలకూ అప్పుడే కబురు పంపమని తంతి ఆఫీసుకు ఫోన్ చేసింది.

“పైలట్ పడవలో కాగితం వస్తోంది కెప్టెన్‌గారూ. దాని వెనకే నేనూ, ఇద్దరు నర్సులూ వస్తాం. రోజుకు రెండుసార్లు. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ల పేర్లు ముందే రాసి ఉంచండి.”

“బతికించావు తల్లీ,” అంది మంచు.

ఆమె మాస్కులు, చేతి తొడుగులు సంచిలో సర్దుతూ తలెత్తకుండా అడిగింది. “ఎందుకు మావయ్యా?”

మావయ్య కెటిల్ స్విచ్ ఆపాడు.

“నేనే అంటించానమ్మా. ఆ నంబరు నేను పుట్టించిందే. ఏడు పుస్తకాల్లోనూ అంటించాను. ఆ ఏడాది జ్వరాలొచ్చినప్పుడు మీ అమ్మ ఉన్న వీధి మూసేశారు. మీ అమ్మకి జ్వరం లేదు, షుగరు. నువ్వు మా ఇంట్లో ఉన్నావు గనక సరిపోయింది. ఆ ఇంటికి బయట తాళం వేసి, తలుపు మీద ‘సెక్షన్ 14’ అని సున్నంతో రాసి పోయారు. సూదిమందు ఐసులో పెట్టుకుని నాలుగు రోజులు వీధికి అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడ్డాను. కాళ్లు పట్టుకున్నాను. చట్టం ఒప్పుకోదన్నారు. ఐదో రోజు వాళ్లే తలుపు తీశారు. ఆ అంకె ఇంకే గుమ్మం మీదా ఎక్కకూడదనుకున్నాను. అంటించాక హాయిగా నిద్రపట్టింది కూడా. ఏ చీటీ వేసినా కింది సెక్షన్ చివరిదాకా చదివాకే జిగురు రాసేవాణ్ణి. దీన్నొక్కదాన్నే చదవలేకపోయాను. రెండు లైన్లు చదివి కళ్లు మూసుకుని అంటించేశాను. ఇవాళ నువ్వు చదివితే విన్నాను, తాళం వెయ్యకూడదని ఉందని. ఆ నాలుగు రోజులూ ఈ పుస్తకం నా బీరువాలోనే ఉందే తల్లీ. తాళంచెవి నా జేబులోనే ఉంది.”