తొమ్మిది గంటల ఫోను

తీర గస్తీ ఆఫీసును నడిపే పెద్దావిడకి రోజూ పొద్దున తొమ్మిదింటికి సముద్రం అవతలి దేశపు గస్తీ ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఆవిడకి తమ్ముడైపోయిన అక్కడి అధికారి, "ఇవాళ ఏం లేదక్కా" అంటాడు.

"ఇక్కడా ఏం లేదురా. నీ దగ్గు తగ్గిందా?" అంటుందావిడ. పదకొండేళ్లుగా ఇదే వరస.

"ఏమీ లేదని చెప్పడానికి ఫోనెందుకు మేడం?" అని కొత్తగా వచ్చిన చిన్న అధికారి నవ్వేవాడు. ఆవిడకి ఒళ్లు మండేది.

ఒకరోజు ఆ ఫోను ఎనిమిదింటికే మోగింది. "అక్కా, ఒక నీలం పడవ మీ వైపే వస్తోంది. పేరు చెరిపేసి రంగేశారు. అందులో తుపాకులున్నాయని మావాళ్ల అనుమానం."

"వాళ్ల హెడ్డాఫీసు నుంచి కాగితం రానివ్వండి మేడం," అన్నాడు చిన్న అధికారి.

"ఏమీ లేకపోతే లేదని పదకొండేళ్లు చెప్పిన మనిషయ్యా. ఉందంటే ఉన్నట్టే," అని కసిరి, ఆవిడ గస్తీ పడవని పంపేసింది. మధ్యాహ్నానికల్లా నీలం పడవ తుపాకులతో సహా దొరికింది.

మర్నాడు తొమ్మిదింటికి ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేలోపే చిన్న అధికారి ఫోనందుకున్నాడు.

"ఇక్కడా ఏం లేదన్నా," అన్నాడు. కాసేపు నసిగి, "మీ దగ్గు ఎలా ఉంది?" అని అడిగాడు.