నాలుగు పాళ్ల నీళ్ళు

రోజారమణికి తల ప్రాణం తోకకొచ్చింది. నెల్లూరులో మూడు రోజులు కూర్చుని నేర్చుకొచ్చిన పనిని పాలెం జనానికి ఎక్కించాలని మూడు వారాలుగా గొంతు చించుకుంటోంది. గోడకు చెప్పినా ఈపాటికి తలూపేది.

కిందటి వేసవిలో పాలెంలో పదకొండు తాటాకు ఇళ్ళు కాలిపోయాయి. అందులో ఆమెదీ ఒకటి. ఫైరింజను వచ్చేసరికి బూడిదే మిగిలింది. అందుకే ఈ ఏడు కాలవ గట్టున చిన్న పంపు పెట్టించి, దాన్ని నడిపే పని ఆమెకు అప్పగించారు. అక్కడిదాకా బాగానే ఉంది. తంటా అంతా పైపుల దగ్గరే వచ్చింది.

"నాలుగు వీధులకీ నాలుగు పైపులు బిగించాల," అన్నాడు పెద్దకాపు కామాక్షయ్య. పాలెంలో ఆయన మాటకు ఎదురు లేదు.

"పంపు చిన్నది పెద్దయ్యా. ఒక్క పైపయితే ఇంటికప్పు దాటి కొడతాది. నాలుగు పెడితే ఏ వీధికీ చాలదు."

"వలలో పడిన చేప నాలుగు వీధులకీ పాళ్లు వేస్తామా లేదా? నీళ్ళు మాత్రం ఒక వీధికేనా? మిగతా వీధులోళ్ళు మనుషులు కారామ్మే?"

చేపా నీళ్ళూ ఒకటేనా, నా తలకాయ! చేపను పంచితే ఎవరి వాటా వాళ్ళకు కూరకన్నా వస్తుంది. పైపులో నీళ్ళు పంచితే జోరే చచ్చిపోతుంది. సరే, నాలుగు పైపులూ బిగించి, కళ్ళారా చూపిద్దామని ఒక పైపు వాల్వు తిప్పింది. నీళ్ళు వలల పాక మీదుగా అవతల పడ్డాయి. తర్వాత నాలుగూ తిప్పింది. నాలుగు మూతుల్లోంచీ బిందె పట్టుకోవడానికి వీలుగా నీళ్ళు కారాయి.

"చూస్తిరా?" అంది.

"చూస్తి గదా! అందరికీ సమానంగా వస్తా ఉండాయి," అని కామాక్షయ్య మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే మధ్యాహ్నం పూట దక్షిణపు వీధిలో వలల పాక అంటుకుంది. రోజారమణి కాలవ గట్టుకు పరుగెత్తి పంపు ఆడించింది. నాలుగు వీధులవాళ్ళూ తలా ఒక పైపు లాక్కున్నారు. పాకను ఆనుకుని మళ్ళీ కట్టుకున్న రోజారమణి ఇంటికి నిప్పు పాకింది. ఆమె మొగుడు పెంచల్ పైపు ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళు గోడ దాకా పోయి జారిపడ్డాయి. నిప్పురవ్వలు గాలికి నడివీధి కప్పుల మీదికి లేస్తున్నాయి. ఆ వెనక నలభై ఇళ్ళున్నాయి.

నెల్లూరులో పని నేర్పిన ఫైర్‌మన్ మస్తాన్ చెప్పిందొకటే. మండేదాన్ని వదిలెయ్యి, అంటుకోబోయేదాన్ని తడుపు. చెప్పడానికి ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు! కాలేది ఆయన ఇల్లా? ఉన్న నీళ్ళన్నీ తన కప్పు మీద పోస్తే సగమైనా దక్కేదేమో. పళ్ళు కొరుక్కుంటూ మూడు వాల్వులు నిదానంగా మూసింది. వాటిలో పెంచల్‌దీ ఒకటి. నడివీధి పైపు ఒక్కసారిగా బిగుసుకుంది. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుంటేగానీ ఆగలేదు. నీళ్ళు కప్పులన్నిటినీ తడుపుతూ పోయాయి.

"నీళ్ళు రావడంలా రమణీ!" అని పెంచల్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె అటు తిరగలేదు.

ఆ రోజు కాలింది పాకా, ఆమె ఇల్లూ.

పొద్దు వాలేసరికి జనమంతా ఆ బూడిద ముందు చేరారు. కామాక్షయ్య తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"తప్పు మాదే తల్లీ. నీ పాలి నీళ్ళు నీకు దక్కలా. ఈసారి పాలెంలో యాడ నిప్పంటుకున్నా సరే, మొదటి నీళ్ళు నీ వీధికే. ఇది నా మాట."

అంతా ఔనన్నారు. పెంచల్ అయితే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఇల్లు కాలుతున్నంతసేపూ ఏడవని రోజారమణి అప్పుడు నేలమీద చతికిలబడి భోరుమంది. ఇల్లు పోయినందుకు ఏడుస్తోందనుకుని ఆడవాళ్ళు వచ్చి ఓదార్చారు.