తొమ్మిది తెల్లరాళ్ళు

మా ఆవిడ దాక్షాయణి నన్ను నమ్మి తన తమ్ముణ్ని నాతో పంపించింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తరువాత చెప్పే ధైర్యం ఉంటుందో ఉండదో.

శేషాచలం ఆమెకు ఒక్కడే తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. ములబాగిలు బజారులో వాళ్ళ నాన్న బట్టల అంగడి చూసుకోవలసినవాడికి ధ్యాసంతా మోటారు సైకిళ్ళ మీదే. కొత్త బండి కొని నెల కాలేదు. దాన్ని కురుడుమలె వినాయకుడి ముందు నిలబెట్టి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది అక్కే. ఆ బండి మీద కేజీఎఫ్‌లో జరిగే రైడర్ల ర్యాలీకి పోతానని వాడు పట్టుబట్టాడు. శనివారం మధ్యాహ్నానికి చేరుకుని, టెంట్లు వేసుకుని, ఆదివారం పొద్దున పాత గనుల మట్టిదిబ్బల మధ్య పందెం.

"నువ్వు తోడు పో," అన్నది దాక్షాయణి నాతో. "వాడు ఉరుకుతాడు. పోయినట్టే తిరిగి తీసుకురా." కాఫీపొడి పొట్లం కూడా కట్టి ఇచ్చింది. పొద్దున లేవగానే కాఫీ పడకపోతే వాడికి తలనొప్పట.

నా పేరు రామచంద్ర. నాకు కిరాణా అంగడి ఉందన్నది పేరుకు మాత్రమే, అసలు వ్యాపారం సైట్లు. బైరకూరు దారిలో రెండు లేఅవుట్లు, నంగలి దగ్గర ఒకటి వేశాను. పొలం కొనడం, చదును చేయడం, మూలమూలకూ రాళ్ళు నాటి సున్నం కొట్టడం. మా వైపు ఏ బీడులో తెల్లరాయి కనబడినా అది సైటే. చిన్నపిల్లల్ని అడిగినా అదే చెబుతారు. ఆ రాళ్ళను ఒక జానెడు అటో ఇటో జరపడం కూడా నాకు కొత్త కాదు. అబద్ధమెందుకు, జరిపినవాణ్నే. అందువల్ల ఒక్కరోజు కూడా నా నిద్ర చెడలేదు.

బేతమంగళ మీదుగా పోయాం. వాడు కొత్త బండి మీద ముందు, నేను పాత బుల్లెట్ మీద దగ్గుకుంటూ వెనక. గనుల దగ్గరికి వచ్చేసరికి ఎండ ఉన్నా వెలుతురు మారినట్టయింది. బూడిదరంగు దిబ్బలు, తుప్పుపట్టిన ఇనుప గోపురాలు, తుమ్మచెట్లు. మైకులో ఎవరో ఇంగ్లీషులో స్వాగతం చెబుతున్నారు. అంత జనం ఉండీ ఆ చోటు నాకు నచ్చలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

దారి మొగదల ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, చేతులకు ఎండిపోయిన సున్నం. పేరు సొన్నప్ప. గని నడిచినంతకాలం లోపల పేలుళ్ళ దగ్గర పనిచేశాడట, అందుకే చెవులు సగానికి పైగా పోయాయి. ఆ నేలకు ఇప్పుడు తనే కాపలా.

"టెంటు యాడన్నా ఏసుకోండప్పా," అన్నాడు. "తెల్లరాళ్ళు దాటి మాత్రం పోవద్దండి."

నాకు వ్యాపార బుద్ధి లేచింది. ఇక్కడికొచ్చి లేఅవుటు వేసిన మొనగాడెవడా అని, "సైటు రాళ్ళా అన్నా?" అని అడిగాను.

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా నోటి వైపు చూశాడు. గట్టిగా మళ్ళీ అడిగాను. ముఖం విప్పారింది.

"ఔనప్పా, అవే. నీకు తెలిసుండాదే. మీ వాళ్ళెవరన్నా ఈడ పని చేసినారా?"

"లేదన్నా, మా వ్యాపారమే అది. ఎవరివి ఇవి?"

"ముందు దొరలవి. ఆమేలె సర్కారువి. ఇంగ అడిగేవాళ్ళే లేరు. అమాసకు అమాసకు సున్నం నేనే కొడతాను." నా వ్యాపారం మాట ఆయనకు వినబడలేదు. తెలిసినవాడు దొరికాడన్న సంతోషంతో భుజం తట్టి, వెనక వచ్చే బళ్ళ వైపు పోయాడు.

అడిగేవాళ్ళు లేరన్న మాట వింటే నాబోటివాడికి నోరూరుతుంది. ఆ నేల మీద కన్నేసే నడిచాను.

శేషాచలానికి గుంపు నచ్చలేదు. దిబ్బ వెనక్కి పోతే ఒక బయలు కనబడింది. చుట్టూ రాళ్ళూ ముళ్ళూ ఉన్నా అక్కడ మాత్రం గడ్డి పచ్చగా, చదునుగా ఉంది. దాని చుట్టూ తొమ్మిది తెల్లరాళ్ళు. సైటుకు నాలుగు మూలలుండాలి కదా, ఇవేమిటి గుండ్రంగా ఉన్నాయి, వాస్తు తెలియనివాడెవడో వేశాడని నవ్వుకున్నాను. అప్పుడు నవ్వుకోకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది.

"ఈ తావు బాగుండాది బావా," అన్నాడు వాడు, రాళ్ళు దాటి మధ్యకు నడుస్తూ. "పొద్దున్నే పందేనికి ముందు ఈడ రెండు సుట్లు తిప్పి సూస్తా." తరువాత ఆగి, కాలితో నేలను తట్టాడు. "సప్పుడు వేరేగా ఉండాది. డబ్బా మింద నడిచినట్ట."

"గని మన్ను అంతేలే. గుల్ల," అన్నాను. గని మన్ను గురించి నాకేం తెలుసని.

ముప్పై అడుగుల ఇవతల టెంటు వేశాం. నేల రాయిలా ఉంది, మేకులు వంగిపోతున్నాయి తప్ప దిగడం లేదు. అంచుల మీద బరువు పెట్టాలి. పైగా పొద్దున వాడు బండి తిప్పేటప్పుడు చక్రం రాయికి తగిలితే పడతాడు, వాళ్ళక్కకు ఏం జవాబు చెప్పాలి? అందుకని తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా దొర్లించుకొచ్చాను. ఆరు టెంటు చుట్టూ, మూడు పొయ్యికి. అరచేతులు తెల్లగా అయ్యాయి. చివరి రాయి ఎత్తినప్పుడు కింద నుంచి కాళ్ళకు చల్లగా ఏదో తగిలింది. గాలేమో అనుకున్నాను. చుట్టుపక్కల గడ్డి మాత్రం కదల్లేదు.

చీకటి పడేలోపే దాక్షాయణి కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాం. ఆమె ఫోను చేసింది. వాడు తిన్నాడా, చలికి చెవులు కప్పుకున్నాడా అని అడిగింది. అన్నీ ఔనన్నాను.

తెల్లవారేసరికి మంచు. పది అడుగుల అవతల ఏదీ కనబడడం లేదు. పక్కన వాడి దుప్పటి ఖాళీగా ఉంది. దిబ్బ అవతల బండి వేడి చేస్తున్న చప్పుడు వినబడుతోంది. వాడు వచ్చేలోపు కాఫీ పెడదామని బయటికొచ్చి పుల్లలు ముట్టించాను.

మంచులోంచి సొన్నప్ప వచ్చాడు. జనం ఉన్నారు కదా, రాళ్ళు ఒకసారి చూసి పోదామని వచ్చాడట. పొయ్యి వైపు చూశాడు. తరువాత టెంటు వైపు.

"ఈ రాళ్ళు యాడివప్పా?"

"ఆ బయల్లోవే అన్నా. పోయేటప్పుడు మళ్ళీ పెట్టేస్తాలే."

ఆయన అరవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. "షాఫ్టు రాళ్ళా అని నువ్వే అడిగితివి గదప్పా. తెలిసినోడివి అనుకొని ఇంగ చెప్పకపోతిని."

"సైటు అన్నాను," అన్నాను. "సైటు రాళ్ళా అని."

"గని గుంతప్పా అది. దొరల కాలం షాఫ్టు. సర్కారు వచ్చినాక పైన దుంగలు పరిచి మన్ను పోసినారు. నలభై ఏండ్లాయ, దుంగలు చివికిపోయినాయి. మనిషిని తాళుతాది. బండిని తాళదు." లేచి నిలబడ్డాడు. "యాడ్నించి తీసినావు? సరిగ్గా యాడ? పద, మనుషుల్ని అడ్డం నిలబెడదాం."

ఏ లేఅవుటులో ఏ రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని నాకు గర్వం. మంచులోకి చూశాను. ఏమీ గుర్తు రాలేదు. అంతా ఒకే తెలుపు.

అప్పుడే ఆ చప్పుడు దిబ్బ చుట్టూ తిరిగి మా వైపు మళ్ళింది. ఏ బండో నాకు తెలుసు. శేషా, శేషా అని గొంతు చిరిగేలా అరిచాను. తలకు హెల్మెట్, కింద ఇంజను. వాడికెలా వినబడుతుంది? పరిగెత్తబోతే సొన్నప్ప నా చొక్కా పట్టుకున్నాడు.

"వద్దప్పా. యాడ అడుగేస్తావో నీకే తెలీదు."

చప్పుడు దగ్గరికొచ్చింది. మా ముందుగా పోయింది. ఆగిపోయింది. బండి ఆపితే మెల్లగా తగ్గి ఆగుతుంది కదా, అలా కాదు. మధ్యలో తెగిపోయింది. దుంగలు విరిగిన చప్పుడు. ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. ఎంతసేపంటే, ఏమీ కాలేదేమో, వాడే బండి ఆపి దిగాడేమోనని ఆశపడేంతసేపు.

తరువాత కింద ఎక్కడో, చాలా కింద, మొద్దుగా ఒక శబ్దం. సొన్నప్పకు వినబడే శబ్దం కాదది. కానీ ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. నా చొక్కా వదిలేశాడు.

ఇద్దరం నేలను తడుముకుంటూ పోయాం. రాళ్ళు ఎత్తిన చోట గడ్డి లేని మచ్చలు, చుట్టూ సున్నం గీత. మొదటి మచ్చ దొరికింది, తరువాత రెండోది. ఆ రెండింటి మధ్యగా టైరు గుర్తు లోపలికి పోయింది. మచ్చలు పట్టుకుని తొమ్మిదింటి చుట్టూ తిరిగి వచ్చాను. బయటికి వచ్చిన గుర్తు ఎక్కడా లేదు. మధ్యలో గడ్డి ఉండవలసిన చోట నల్లగా ఉంది, అక్కడి నుంచి చలిగాలి పైకి వస్తోంది. అంచున పడుకుని వాడి పేరు పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు.

నా అరుపులు విని అవతలి రైడర్లు బళ్ళు స్టార్టు చేసి ఇటే వస్తున్నారు. సొన్నప్ప నా భుజం పట్టి లేపాడు.

"రాళ్ళు తేప్పా. ఇంగొకడు పోకముందే."

తెచ్చాను. టెంటు మీదివి ఆరు, పొయ్యివి మూడు. పొయ్యి రాళ్ళు చేతులు కాల్చాయి, ఎక్కడా దించలేదు. ఒక్కొక్కదాన్నీ దాని మచ్చ మీదే పెట్టాను. నా జన్మలో మొదటిసారి ఒక్క రాయి కూడా వెంట్రుకవాసి జరగలేదు.

అప్పుడు దాక్షాయణి ఫోను చేసింది. వాడు కాఫీ తాగాడా అని అడిగింది.