షెడ్డులో ఉన్న బండి

టెక్సస్‌లోని ఆ రిఫైనరీ ఊళ్ళో ఎదిగిన మగాడు సైకిలెక్కాడంటే, తాగి బండి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నాడనే లెక్క. క్లిఫ్టన్ మాత్రం పుట్టి బుద్ధెరిగి సీసా ముట్టని మనిషి. యాభై దాటినా చేతులు వదిలేసి, ఈల వేసుకుంటూ సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళేవాడు. భార్య వెర్నాకి తల కొట్టేసినట్టుండేది. చర్చిలో ఎవరడిగినా, "మా బండి షెడ్డులో ఉందండీ, ఇంకా బాగవలేదు" అనేసేది.

అతనికదో వేడుక. "ఎన్నేళ్ళు బాగుచేయిస్తావే దాన్ని? ఒక్కసారి ఈ సైకిలెక్కి చూడు, నీకే తెలుస్తుంది" అని వెనక సీటు తట్టేవాడు. ఆమె ఒక్కనాడూ ఎక్కలేదు.

ఒక పొద్దున హైవే మీద పికప్ ఒకటి అతన్ని గుద్ది చంపేసింది. సైకిల్ తొక్కేవాళ్ళెవరో వచ్చి, అక్కడి స్తంభానికి తెల్లరంగు వేసిన సైకిలొకటి అతని గుర్తుగా గొలుసుతో కట్టి వెళ్ళారు.

సమాధి చేసి వచ్చాక పక్కింటి మార్లీన్ మాకరోనీ గిన్నె పట్టుకొచ్చి ఒకటే ఏడుపు. "ఆ షెడ్డువాడి చేతులు పడిపోను! బండి వేళకిచ్చుంటే మనిషి దక్కేవాడు గదే!"

వెర్నా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తమ ఇంటి గ్యారేజీ తలుపు ఎత్తింది. లోపల బండి నిగనిగలాడుతోంది.

"దీనికేమీ కాలేదు, మార్లీన్. ఏనాడూ కాలేదు. ఆయనకి సైకిలంటే సరదా, అంతే."

మార్లీన్ బండిని చూసింది, వెర్నాని చూసింది. తర్వాత దగ్గరికి తీసుకుని, చెవిలో మెల్లగా అంది.

"ఊరుకో తల్లీ. ఆయన తాగుడు సంగతి నా నోట్లోంచి బయటికి రాదులే."