వంటింటి కింద కాలువ

ఇల్లు కొనేముందు ఏమేం చూడాలో నాకు ఊరంతా చెప్పింది. తూర్పు వాకిలి చూడమన్నారు, కాగితాలు చూడమన్నారు, బోరు చూడమన్నారు, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కోమన్నారు. ఏ నెలలో చూడాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మేం మే నెలలో చూశాం. అదీ మేం చేసిన ఘనకార్యం.

నేను బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన ప్రకాష్ ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు. పనిచేస్తాడు అనడం కూడా మర్యాదకే. ఈ ఏడాది ట్రాక్టర్లు కొనే దిక్కు లేక వాళ్ళ సేటు సగం జీతం చేతిలో పెట్టి, మిగతా సగం పంటలొచ్చాక చూద్దామంటున్నాడు. మా బడిలోనూ పిల్లలు తగ్గారని ఇద్దరు టీచర్లను మానిపించారు. ఇలాంటి రోజుల్లో ఎవరైనా ఇల్లు కొంటారా అని అందరూ అడిగారు. ప్రకాష్ కూడా అడిగాడు. నేనే పట్టుబట్టాను.

కిరాయి ఇళ్ళలో ఉండి ఉండి నాకు ప్రాణం విసిగిపోయింది. మా ఓనరు అరుణమ్మ చెడ్డ మనిషేం కాదు. కానీ ఆమెకు తలుపు తట్టే అలవాటు లేదు. నేను అన్నం తింటున్నా, తల దువ్వుకుంటున్నా నేరుగా లోపలికొచ్చేది. గోడలకు మేకులేమైనా కొట్టామేమోనని చూసి, చూసినట్టు కనిపించకుండా వెళ్ళేది. మా అమ్మ వచ్చి నాలుగు రోజులుంటే, ట్యాంకులో నీళ్ళు తొందరగా అయిపోతున్నాయని నాకు వినపడేలా గోడతో చెప్పేది. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బయట ఆగాలో నేను చెప్పుకునే గడప ఒకటి నాకు కావాలి. ఇంతకన్నా పెద్ద కోరిక నాకెప్పుడూ లేదు. దానికోసం పెళ్ళినాటి నెక్లెసు బ్యాంకులో పెట్టాను. తల నెరిసేదాకా వాయిదాలు కడతానని సంతకం కూడా పెట్టాను.

బీర్కూర్ పోయే రోడ్డు పక్కన లక్‌పతి అనే బిల్డరు ఒక పొలాన్ని చదును చేసి వరుసగా ఇళ్ళు కట్టాడు. గోడకు గోడ ఆనుకున్న చిన్న ఇళ్ళు. బేరాలు లేక సగం ఖాళీగా పడి ఉంటే ధర దించాడు. మేం చూడటానికి వెళ్ళిన రోజు బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల మాత్రం కాళ్ళకు చల్లగా హాయిగా ఉంది. ప్రకాష్ గోడలు తట్టాడు, నల్లాలు తిప్పాడు, స్లాబెక్కి గెంతి మరీ చూశాడు. పేరుకు రైతు బిడ్డ. నిజాంసాగర్ కాలువ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగినవాడు. కాలువ బందై ఉన్న నెలలో, కాలువ కింది పొలంలో కట్టిన ఇంటిని చూసి, ఎంత పొడిగా ఉందో అని మెచ్చుకున్నాడు. పక్కనే నిలబడి నేనూ మెచ్చుకున్నాను.

మా మామ హన్మాండ్లు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన ఆ ఇళ్ళకు అవతలే కౌలుకు వరి వేస్తాడు. ఆయన పొలానికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ ఈ ఇళ్ళకు అడ్డం వస్తే, లక్‌పతి దాన్ని పూడ్చి కింద సిమెంటు పైపు వేశాడు. నీళ్ళు ఎప్పటిలాగే పోతాయని అతను చెబితే కింది రైతులంతా సరేనన్నారు. ఆ పైపు మేం కొనే ఇంటి కిందనే ఉందని తెలిసి మా మామ మురిసిపోయాడు. "నా పొలానికి నీళ్ళు నా కొడుకు ఇంటి కిందికెళ్ళి వస్తయి బిడ్డా, ఇంకేం గావాలె" అన్నాడు. నాకూ ఆ మాట బాగానే అనిపించింది. అప్పటికి బుద్ధి ఎక్కడ పెట్టుకున్నామో ఎవరం చెప్పలేం.

శ్రావణంలో ముహూర్తం పెట్టించాం. ఈసారి వానలు మొహం చాటేశాయి. నాట్లు వేసినవాళ్ళంతా కాలువ ఎప్పుడు వదులుతారా అని కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నారు. సరిగ్గా మా గృహప్రవేశానికి ముందురోజు వదిలారు. ఊరంతా సంతోషించింది, మేమూ సంతోషించాం.

తెల్లవారి ఆవును తెచ్చారు. ఆవు గడప దాటి హాల్లో దర్జాగానే నడిచింది. వంటింట్లోకి రాగానే ఆగి, తల వంచి నేల వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. అయ్యగారు శుభమన్నారు. నేను పొయ్యి వెలిగించి పాలగిన్నె ఎక్కించాను. మూలన టైల్స్ సందుల్లోంచి బుడగలు రావడం మొదట చూసింది నేనే. ఎవరో చెంబు ఒలకబోశారనుకుని గుడ్డతో తుడిచాను. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తుడిచాను. పాలు పొంగేలోపు నా పట్టుచీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి. చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో పెద్దావిడ, గంగమ్మ తల్లే నడిచొచ్చింది, ఇంతకన్నా శుభం ఉంటుందా అంది. ఆవిడ కడుపునిండా తిని వెళ్ళిపోయింది. గంగమ్మ మాత్రం ఉండిపోయింది.

వెనక్కి పోదామంటే దారి లేదు. మేం ఖాళీ చేసిన ఇంట్లో ఆ రోజే వేరేవాళ్ళు పాలు పొంగించుకున్నారు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టాం, బియ్యం డబ్బా స్టూలెక్కింది, గ్యాస్ సిలిండర్ పీటెక్కింది. పొద్దున లేవగానే చీపురుతో నీళ్ళు వాకిలిదాకా తోయడం, బడికి పోవడం, వచ్చాక మళ్ళీ తోయడం. సొంతిల్లు ఎలా ఉంది టీచర్ అని స్టాఫ్ రూంలో అడిగితే ఒళ్ళు మండిపోయేది. బాగుందనే చెప్పేదాన్ని. ఇన్ని మాటలు చెప్పి కొన్నాక బాగాలేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

లక్‌పతి మొదట్లో ఫోనెత్తాడు. కొత్త ఇళ్ళకు చెమ్మ మామూలేనన్నాడు. తర్వాత మేస్త్రీని పంపుతానన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. నీళ్ళ ఆఫీసుకు వెళ్తే, తూము దాకే మా పని, మీ ఇంటి కింది పైపు సంగతి మాకేం తెలుసన్నారు. వాళ్ళ మాటా నిజమే. కేసు వేయమని మా హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. మా వాయిదాలు తీరేలోపు తీర్పు వచ్చే అవకాశం ఉందని ఆయనే మళ్ళీ ధైర్యం చెప్పాడు. ప్రకాష్ మాత్రం ఏమీ అనేవాడు కాదు. నేను అరిస్తే వినేవాడు, చీపురు తీసుకునేవాడు. అతను కూడా నాలుగు మాటలంటే బాగుండేదని, ఒక్కడైనా నాతో కలిసి అరిస్తే బాగుండేదని నాకు ఏడుపొచ్చేది.

మా దగ్గర కాలువ నీళ్ళు వంతులవారీగా వదులుతారు. కొన్నాళ్ళు వదిలి, కొన్నాళ్ళు ఆపుతారు. ఆపినప్పుడు నేల ఆరింది. మళ్ళీ వదిలారు. నేను చీపురు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను, కానీ నీళ్ళు రాలేదు. మర్నాడూ రాలేదు. వేలితో టైల్స్ సందులు తడిమి చూశాను. పొడిపొడిగా ఉన్నాయి. మట్టే సర్దుకుందేమో, పైపే బాగుపడిందేమో, నాకెందుకు. మంచం కింది ఇటుకలు తీసేశాను. సామాను దింపి అలమారలో సర్దాను. హాలు గోడకు మేకులు కొట్టాను, తగిలించడానికి ఏమీ లేకపోయినా కొట్టాను. ప్రకాష్ కూర్చుని చూశాడు తప్ప సాయం పట్టలేదు. మొహంలో సంతోషం లేదేమిటని అడిగితే షోరూంలో ఏదో గొడవన్నాడు.

ఆ వంతు అయిపోకముందే ఒక పొద్దున మా మామ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాకుండా వాకిట్లోనే చతికిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఈ వంతులో పొలానికి చుక్క నీరు రాలేదని, నాటు ఎర్రబడి నేల నెర్రెలు విచ్చిందని చెప్పాడు. కాలువకు ఎగువన చెరకు వేసిన ఫజల్ నీళ్ళు మళ్ళించుకున్నాడని అందరికీ అనుమానం. ఫజల్‌కూ మా మామకూ వయసులో ఉన్నప్పటి స్నేహం. ఒకరి ఎడ్లతో ఒకరు దున్నుకున్నవాళ్ళు. మా మామ హోటల్ దగ్గర పదిమందిలో అతన్ని నీళ్ళ దొంగ అనేశాడు. ఫజల్ తాగుతున్న చాయ్ అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆ హోటల్‌కు రావడంలేదు.

లోపల బూట్లు వేసుకుంటున్న ప్రకాష్ చేతులు ఆగిపోయాయి. నేను అతని మొహం చూశాను. మా నేల ఎందుకు ఆరిందో అప్పుడు తెలిసింది. పాలప్యాకెట్‌కని పొద్దున్నే వెళ్ళేవాడు, ప్యాంటు మోకాళ్ళదాకా తడిపి వచ్చేవాడు. రోడ్డు మీద నీళ్ళు నిలిచాయంటే నమ్మాను. వానే లేని ఊళ్ళో రోడ్డు మీద నీళ్ళెక్కడివని అడగలేదు. నేల పొడిగా ఉంటే చాలుననుకున్నాను.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాను.

అతను బయటికొచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. "పైపు మూతికి ఇసుక మూటలు వెట్టింది నేనే బాపూ. ఇల్లు ఆగమైతుందని వెట్టిన, నీళ్ళు అటు మోరీలకు మళ్ళినయి" అన్నాడు.

మా మామ కొట్టలేదు, తిట్టలేదు. పొలం గురించి ఒక్క మాట అనలేదు. "ఫజల్‌ను దొంగ అన్న గదరా" అన్నాడు. అంతే. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను ఆ రోజే చూశాను.

తర్వాత నావైపు తిరిగాడు. "ఇల్లు నీది బిడ్డా. మూటలు తీస్తే నీళ్ళు నీ ఇంట్లకొస్తయి. తియ్యకుంటే మా పంట పోతది. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. పైపు వేసినవాడు ఫోనెత్తడు. పైపుకు సరేనన్నవాళ్ళు వీళ్ళు. మూటలు పెట్టినవాడు నా మొగుడు. ఏం చెయ్యాలో మాత్రం నేను చెప్పాలట. ఇల్లు కొన్నప్పటినుంచి నా మాట ఎవరూ అడగలేదు, అడిగిన మొదటి ప్రశ్న ఇదా అనిపించింది. నా నెక్లెసు, నా సంతకం, ఏళ్ళ తరబడి నేను పడిన మాటలు అన్నీ గొంతులోకొచ్చాయి. తండ్రీకొడుకులిద్దరూ నేలచూపులు చూస్తున్నారు.

"వంటిల్లు తవ్వుండ్రి" అన్నాను. "పైపు తీసి సక్కగ కాలువ కట్టుండ్రి. ఇగ నన్నేం అడగకుండ్రి."

లోపలికెళ్ళి అప్పుడే సర్దిన అలమార ఖాళీ చేయడం మొదలుపెట్టాను. ఒక గాజు సీసా పగిలింది, పగిలితే పగిలిందనుకున్నాను.

తండ్రీకొడుకులు ముందుగా ఫజల్ ఇంటికి వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మర్నాడు కింది రైతులు గడ్డపారలతో వస్తే వాళ్ళ వెనక ఫజల్ కూడా వచ్చాడు. నాకు సలాం చేశాడు. ప్రకాష్ గడ్డపార పట్టుకున్న తీరు కాసేపు చూసి, దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తనే తవ్వాడు. పైపు బయటపడింది. నా చెయ్యి పట్టేంత సన్నది, అతుకు దగ్గర విరిగి బురదతో బిగిసిపోయి ఉంది. దాన్ని పీకేసి, ఇటుకలతో రెండు గోడలు లేపి, లోపల సిమెంటు పూసి, పైన షాబాద్ బండలు పరిచారు. రెండు బండలకు మాత్రం సిమెంటు పెట్టలేదు. నాచు, చెత్త అడ్డం పడితే వాటిని ఎత్తి తీయాలట. ఆ రెండూ సరిగ్గా నా పొయ్యి ముందరివే.

నేల పొడిగానే ఉంది, అబద్ధమెందుకు. కూర తాలింపు వేస్తుంటే కాళ్ళ కింద నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. కానీ కాలువ వదిలిన ప్రతిసారీ రైతుల్లో ఒకరు వచ్చి బండలెత్తి శుభ్రం చేయాలి. మొదటిసారి ఇద్దరు వచ్చారు. తలుపు తీసి ఉందని నేరుగా నడిచొచ్చారు. వాకిలినుంచి పొయ్యిదాకా బురద అడుగులు. పప్పు డబ్బా జరిపారు, చెత్త తీశారు, చాయ్ ఉందా అక్కా అన్నారు, తాగారు, వెళ్ళారు. ఆ బురద కడుగుతూ నేను గట్టిగానే ఏడ్చాను. అరుణమ్మ అయినా ఒక్కతే వచ్చేది, చెప్పులు విడిచి వచ్చేది. గడప కావాలని కొంటే నా వంటిల్లు బాట అయింది. ప్రకాష్ చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

తర్వాత బండలెత్తే వంతు మా మామది. నేను బడికి తయారై జడ వేసుకుంటున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆయన భుజాన పారతో, మోకాళ్ళదాకా బురదతో వచ్చి గడప అవతల నిలబడ్డాడు. ఇంటికి పెద్ద. కొడుకు ఇంట్లోకి పోవడానికి ఎవరినైనా ఎందుకు అడుగుతాడు? ఎలాగూ వస్తాడు, మళ్ళీ కడుక్కోవాలి అనుకుంటూ మూలనున్న చీపురు వైపు చూశాను. ఆయన రాలేదు.

"బిడ్డా, లోపటికి రావాల్నా?" అన్నాడు.

నా చేతిలో జడ అలాగే ఆగిపోయింది. జవాబు కోపంగానే వచ్చింది.

"కాళ్ళు కడుక్కో మామా" అన్నాను.

పార గోడకు ఆనించి నల్లా దగ్గరికి వెళ్ళాడు. వేళ్ళ సందులు కూడా రుద్ది కడిగాడు. తిరిగొచ్చి మళ్ళీ అక్కడే, గడప అవతలే ఆగాడు.

"ఇగ రా" అన్నాను.

కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చాడు.