నా ముక్కుకు మాత్రం మినహాయింపు

ముక్కులో పుల్ల పెట్టి వైరస్ ఉందో లేదో చెప్పడం నా ఉద్యోగం. ల్యాబులో నా వెనకాల అందరూ నన్ను 'ముక్కుపుల్ల' అంటారు. ఎదురుగా కూడా అదే అంటారు, నాకున్న గౌరవం అలాంటిది. ఎంతటి మొనగాడైనా నా కుర్చీలో కూర్చున్నాక కళ్ళనీళ్ళు పెట్టుకోవాల్సిందే. "దగ్గూ జ్వరం లేనివాళ్ళలో ఈ పరీక్ష కార్డు ఒక్కోసారి వైరస్‌ని పట్టుకోలేదండీ. లేదని వచ్చినంత మాత్రాన ధీమాగా ఉండకండి" అని రోజూ చిలకలా అప్పజెబుతాను.

మా అక్కకు నెలలు నిండకుండానే పాప పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఏ చిన్న జబ్బు సోకినా ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలియగానే నాకు నేనే పరీక్ష చేసుకున్నాను. కార్డు మీద ఒకటే గీత, అంటే వైరస్ లేదు. పెళ్ళికొడుకులా తయారై వెళ్ళాను.

అక్క గుమ్మంలోనే ఆపింది.

"ముక్కులో పుల్ల ఎవరు పెట్టారు?"

"నేనే."

"అయితే చెల్లదు. చిన్నప్పుడు నీ ముక్కులో చుక్కల మందు వెయ్యాలంటే ఇంటిల్లిపాదీ నిన్ను పట్టుకోవాల్సొచ్చేది. నీ ముక్కు దాకా వచ్చేసరికి నీకు చెయ్యి ఆడుతుందా?"

నాకు ఒళ్ళు మండింది. "ఊరందరి ముక్కులూ చూసినవాణ్ణి, నాకే చెప్తావా? దగ్గు లేదు, తుమ్ము లేదు. గుండ్రాయిలా ఉన్నాను."

"ఆ రాయిని ఇంకెవరికైనా చూపించుకుని రా" అని తలుపు వేసేసింది.

గొణుక్కుంటూ ల్యాబుకు వెళ్ళాను. నేను పని నేర్పిన అమ్మాయి ఉంది. "మొహమాటపడకు, లోపలికంటా పోనియ్" అని ఆమెకు నేర్పింది నేనే. ఆమె మొహమాటపడలేదు. నా కళ్ళు ధారలు కట్టాయి. అప్పుడుగానీ తెలియలేదు, పొద్దున నేను పెట్టుకున్న పుల్ల ముక్కు గడప కూడా దాటలేదని.

రెండు గీతలు వచ్చాయి.

"మీకు ఉంది సార్" అంది మెల్లగా. అక్క జాలిపడి తలుపు తీసి ఉంటే ఈపాటికి ఆ పిల్ల నా చేతుల్లో ఉండేది. ముద్దు కూడా పెట్టుకునేవాణ్ణి, వెధవని.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"వచ్చి వీధిలో నిలబడు. కిటికీలోంచి చూపిస్తాను" అంది.

మూసిన అద్దం వెనక పాపను ఎత్తి పట్టుకుంది. ముక్కు అచ్చం నాదే. మళ్ళీ కళ్ళనీళ్ళొచ్చాయి, ఈసారి పుల్ల లేకుండానే.